విస్సన్నపేటలో పెళ్ళి గుర్రం

తిరువూరులో బస్సు దిగేసరికి పొద్దు నడినెత్తిమీద వుంది. వైశాఖ మాసపు ఎండ. కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతపు ఎండ సంగతి తెలిసినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. తెలియనివారికి చెప్పినా నమ్మరు. (2022లో ఈ ప్రాంతం ఎన్.టి.ఆర్. జిల్లాలోకి వచ్చింది. మా మావయ్య మాత్రం ఎవరికైనా చిరునామా చెప్పవలసివస్తే కృష్ణాజిల్లా అనే అంటాడు. ఎనభై ఆరేళ్ళ అలవాటు మరి!)

మావయ్య పెద్ద మనుమడి పెళ్ళి. నన్ను ఊళ్ళోకి తీసుకువెళ్ళటానికి చిన్న మనుమడు మోటారు సైకిలు వేసుకొని వచ్చాడు. వాణ్ణి నేను ఆఖరుసారి చూచినప్పుడు మూడుచక్రాల సైకిలు తొక్కుతున్నాడు. ఇప్పుడు గడ్డం, నల్ల కళ్ళద్దాలు, కాలుపెట్టి ఒక్క నొక్కు నొక్కితే గర్జించే బండీనీ!

"ఎక్కు మావయ్యా! ముప్పావు గంటలో విస్సన్నపేటలో వుంటాం" అన్నాడు.

"హెల్మెట్టేదిరా?"

"ఇంట్లో వుందిలే. మన రోడ్డేగా!"

ప్రమాదాలన్నీ పరాయివాళ్ళ రోడ్లమీదే జరుగుతాయని వాడి నమ్మకం. ఏమాటకామాటే చెప్పుకోవాలి. నేనూ మారుమాటాడకుండా ఎక్కి కూర్చున్నాను. హైదరాబాదులో నేను హెల్మెట్టు పెట్టుకునేది తలమీద ప్రేమతో కాదు. కెమెరా ఫోటో తీసి జరిమానా కాగితం ఇంటికి పంపుతుందన్న భయంతో. ఇక్కడ కెమెరా లేదు గనుక తలకు కూడా భయం లేదనుకున్నాను కాబోలు.

దారి పొడుగునా మామిడి తోటలు. నూజివీడు మామిడి అని దేశమంతా పేరుపడ్డ కాయ ఈ చుట్టుపక్కలదే. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి. ఆ సీజనులో తోటల్లోంచి కాయ నింపుకొన్న ట్రాక్టర్లు ఏ మలుపులో రోడ్డెక్కుతాయో వాటిని నడిపేవారికి కూడా తెలియదు. సగం రోడ్డుమీద మొక్కజొన్న గింజలు ఎండబోశారు. బండ్లు వాటిమీదకు రాకుండా చుట్టూ పిడికెడంత రాళ్ళు వరసగా పేర్చారు. రైతును తప్పుపట్టలేం. గింజ ఆరటానికి తారురోడ్డంత మంచి కళ్ళం మరొకటి లేదు. కాని మా వాడు అరవై వేగంతో ఆ రాళ్ళ పక్కనుంచి జానెడు ఎడంలో పోతుంటే నా కాళ్ళు వాటంతటవే బ్రేకుకోసం వెతుక్కున్నాయి. వెనక కూర్చున్నవాడికి బ్రేకుండదు గదా!

ఒకచోట గేదెల మంద అడ్డం వచ్చింది. మా వాడు బండి పడుకోబెట్టినంత పని చేసి వాటి మధ్యనుంచి దూరిపోయాడు. వెనక్కి తిరిగి, "భయపడ్డావా మావయ్యా?" అని నవ్వాడు. "ముందు చూడరా నాయనా" అన్నాను.

* * *

విస్సన్నపేట నూజివీడుకూ తిరువూరుకూ నడుమ వున్న మండల కేంద్రం. సత్తుపల్లి వైపు వెళ్ళే దారీ ఇక్కడినుంచి వుంది. నేను చిన్నప్పుడు వేసవి సెలవులకు వచ్చిన విస్సన్నపేటకూ ఇప్పటి దానికీ వున్న భేదం ఒక్క మాటలో చెప్పమంటే, అప్పుడు సెంటరులో మనుషులు నిలబడేవారు, ఇప్పుడు మోటారు సైకిళ్ళు నిలబడుతున్నాయి. టీ కొట్టు ముందు ఇరవై బండ్లు లెక్కపెట్టాను. బండి అద్దానికి వేలాడుతున్న హెల్మెట్లు రెండు. తలమీద వున్నది ఒక్కటీ లేదు.

ఇంటికి చేరేసరికి పెళ్ళివారింట వుండవలసిన సందడికి బదులు పెద్ద నిశ్శబ్దంగా వుంది. అరుగుమీద మావయ్య పడక్కుర్చీలో అటు తిరిగి కూర్చున్నాడు. బావ ఇటు తిరిగి కూర్చున్నాడు. పెళ్ళికొడుకు స్తంభానికి ఆనుకొని సెల్‌ఫోను చూచుకొంటున్నాడు. అత్తయ్య నాకు మజ్జిగ యిచ్చి, "ఎల్లుండి పెళ్ళి పెట్టుకొని గుర్రం దగ్గర తగువు తెచ్చుకున్నారు నాయనా" అన్నది.

సంగతి ఇది. పెళ్ళి నూజివీడులో. ముందురోజు సాయంత్రం పెళ్ళికొడుకుని విస్సన్నపేటలో ఊరేగించి మరీ తీసుకువెళ్ళాలని స్నేహితులు ముచ్చటపడి, బెజవాడనుంచి గుర్రాన్ని మాట్లాడారు. అడ్వాన్సు కూడా యిచ్చేశారు. ఆ మాట చెవిన పడటంతో మావయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"నా కంఠంలో ప్రాణం వుండగా ఈ ఇంటి పిల్లాడు గుర్రం ఎక్కటానికి వీల్లేదు" అన్నాడు నన్ను చూడగానే, కుశలప్రశ్న కూడా లేకుండా.

"అదేమిటి నాన్నా, రోజూ తోటకు వీడి బండిమీద నువ్వే వెళ్ళి వస్తున్నావు. దానికి లేని భయం దీనికెందుకు?" అన్నాడు బావ.

"బండి వేరు, గుర్రం వేరు. బండికి మనం చెప్పినట్టు వినటమే తెలుసు. గుర్రానికి సొంత బుద్ధి వుంది."

చివరకు తీర్పు నామీదకు వచ్చింది. "నువ్వు పుస్తకాలు చదువుతావు గదరా. నిజం చెప్పు. ఏది ప్రమాదం?" అన్నాడు మావయ్య. మేనమామ అడిగితే కాదనలేం. రాత్రి భోజనాలయ్యాక చెబుతానన్నాను.

* * *

మావయ్య కోపానికి మూలం నాకు తెలుసు. ఎందుకంటే ఆ కథ మా అమ్మది కూడా.

మా తాతయ్య నాటువైద్యం చేసేవాడు. చుట్టుపక్కల పది పన్నెండు ఊళ్ళు ఆయన చేతిమీదుగా బతికేవట. అప్పట్లో ఈ మెట్టదారుల్లో వానాకాలం ఎడ్లబండి కదలదు. అందుకని ఆయన ఒక పొట్టి గుర్రం పెట్టుకున్నాడు. మందుల సంచి జీనుకు తగిలించుకొని తెల్లవారకముందే బయలుదేరితే ఏ రాత్రికో తిరిగి వచ్చేవాడు.

1947 వానాకాలం. రెడ్డిగూడెం వైపు ఏదో ఊళ్ళో రోగిని చూచి చీకటిపడ్డాక తిరిగివస్తున్నాడు. ఏమి చూచి బెదిరిందో, ఎవరికీ తెలియదు. పిడుగు పడిందని కొందరు, దారికి అడ్డంగా పాము వచ్చిందని కొందరు అన్నారు. తెల్లవారుజామున గుర్రం ఒక్కతే వచ్చి వాకిట్లో నిలబడింది. జీను పక్కకు ఒరిగిపోయి వుంది. మందుల సంచి లేదు. సకిలింపు విని తలుపు తీసింది ఎనిమిదేళ్ళ మా మావయ్య.

లాంతర్లు పట్టుకొని వెతికితే తాతయ్య రెండు మైళ్ళ అవతల దొరికాడు. కాలు రికాబులో చిక్కుకొని కొంతదూరం ఈడ్చుకుపోయింది. పక్కటెముకలు విరిగాయి. తల రాతికి కొట్టుకుంది. నలుగురికీ వైద్యం చేసేవాడికి వైద్యం చెయ్యటానికి ఆ చుట్టుపక్కల ఇంకొకడు లేడు. మూడు రోజులు వుండి వెళ్ళిపోయాడు. దినాలు అయిన మర్నాడే అమ్మమ్మ గుర్రాన్ని అమ్మేసింది. తరువాత ఆ ఇంట గుర్రం మాట ఎవరూ ఎత్తలేదు. 1970 ప్రాంతాల మావయ్య రాజదూత్ మోటారు సైకిలు కొన్నప్పుడు మాత్రం ఎవరూ వద్దనలేదు.

మా అమ్మ చెప్పే కథకు ఇంకొక భాగం వుంది. మావయ్య దాన్ని చెప్పడు. అంతకు రెండేళ్ళ ముందు ఒక రాత్రి తాతయ్య జీనుమీదే కునుకుతూ వస్తున్నాడట. గుర్రం ఉన్నట్టుండి ఆగిపోయింది. అదిలించాడు, కదలలేదు. కొరడాతో కొట్టాడు, వెనక్కి రెండడుగులు వేసింది. విసుక్కుంటూ దిగి చూస్తే ముందు నాలుగడుగుల్లో వాగు. పైన ఎక్కడో కురిసిన వానకు నిండుగా పారుతోంది. చీకట్లో నీళ్ళూ నేలా ఒకటిగా వున్నాయి. ఆ రాత్రి తాతయ్యను ఇంటికి చేర్చిందీ ఆ గుర్రమే.

గుర్రానికి సొంత బుద్ధి వుందని మావయ్య అన్నమాట అక్షరాలా నిజం. అయితే దానికి బతకాలన్న బుద్ధి కూడా వుంది. మోటారు సైకిలుకు ఆ బుద్ధి లేదు. వాగులోకి పొమ్మంటే పోతుంది.

* * *

రాత్రి అరుగుమీద చాపలు వేసుకొని కూర్చున్నాం. మిగిలిపోయిన శుభలేఖ ఒకటి తిరగేసి లెక్కలు మొదలుపెట్టాను.

మొదట మావయ్య పక్షానికి బలం యిచ్చే లెక్కే చెప్పాను. ఇంగ్లండులో 1980 దశకంలో వెలువడిన ఒక వైద్య లెక్కను ఇప్పటికీ అందరూ ఉదహరిస్తారు. దానిప్రకారం మోటారు సైకిలు నడిపేవారికి సుమారు 7000 గంటలకు ఒకసారి గట్టి దెబ్బ తగిలితే, గుర్రపుస్వారీ చేసేవారికి 350 గంటలకే ఒకసారి తగులుతుంది. అంటే గంటకు గంట చూస్తే గుర్రం ఇరవై రెట్లు ప్రమాదం.

"విన్నావురా!" అన్నాడు మావయ్య బావతో.

ఈ 350 లెక్క ఒకరి ఉద్యోగం దగ్గరకూడా వచ్చింది. 2009లో డేవిడ్ నట్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు, అక్కడి యువకులు మింగే ఒక మత్తుమాత్రకన్న గుర్రపుస్వారీయే ఎక్కువ హాని చేస్తోందని ఒక వ్యాసం వ్రాశాడు. ఆయన అప్పుడు మత్తుపదార్థాల విషయంలో ప్రభుత్వానికి సలహా చెప్పే సంఘానికి అధ్యక్షుడు. పెద్ద గొడవ అయింది. మందులమీద ఆయన అభిప్రాయాలు ప్రభుత్వానికి గిట్టక, ఆ సంవత్సరం అక్టోబరులో పదవిలోంచి తీసేశారు.

"చూశావా, గుర్రం ఎక్కకుండానే పడ్డాడు" అన్నాడు మావయ్య. ఆ రోజు ఆయన నవ్వటం అదే మొదలు.

"ఇక్కడే వుంది మావయ్యా కిటుకు" అన్నాను. "గంటల లెక్క చెప్పావు సరే, ఎవరు ఎన్ని గంటలు ఎక్కుతున్నారు? మీ చిన్నవాడు రోజుకు రెండు గంటలు బండిమీద వుంటాడనుకో. ఏడాదికి ఏడు వందల గంటలు పైనే. పదేళ్ళు తిరిగేసరికి ఏడువేలు. పెద్దవాడు ఎక్కబోయే ఊరేగింపు గుర్రం రెండు గంటలు. వాడికి 350 గంటలు పూర్తికావాలంటే నూట డెబ్బై అయిదు పెళ్ళిళ్ళు చేసుకోవాలి."

పెళ్ళికొడుకు మొదటిసారి ఫోనులోంచి తల ఎత్తాడు. అత్తయ్య లోపలినుంచి, "వీడికి ఒక్క సంబంధం కుదిరేసరికి మాకు తలప్రాణం తోకకు వచ్చింది" అన్నది.

పైగా ఆ 350 గంటలు ఎవరివి? కంచెలు దూకించేవారివి, దౌడు తీసేవారివి. ఇవతల 7000 గంటలు ఇంగ్లండు రోడ్లమీద తిరిగే వారివి. ఆ దేశంలో మోటారు సైకిలు నడిపేవారికి 1973 నుంచీ హెల్మెట్టు తప్పనిసరి. మొక్కజొన్న గింజలూ, చుట్టూ పేర్చిన రాళ్ళూ, దీపంలేని ట్రాక్టర్లూ వాళ్ళ లెక్కలోకి రాలేదు.

తరువాత ఎత్తుల లెక్క. ఇది చిన్నవాడికోసం వేశాను. వాడు ఇంజనీరింగు చదివాడు గనుక కాదనలేడు. గుర్రంమీద కూర్చున్న మనిషి తల నేలకు ఎనిమిది అడుగుల ఎత్తున వుంటుంది. అక్కడినుంచి పడితే తల నేలను తాకేటప్పుడు వేగం గంటకు ఇరవై అయిదు కిలోమీటర్లు. మనిషి చావటానికి అది చాలు. ఇహ మోటారు సైకిలు. నలభై కిలోమీటర్ల వేగంతో పోయి ఆగివున్న ట్రాక్టరుకు కొట్టుకోవటం ఇరవై అడుగుల ఎత్తునుంచి పడటంతో సమానం. అరవై అయితే నలభై ఆరడుగులు. ఎనభై అయితే ఎనభై రెండు. వేగం రెట్టింపయితే ఎత్తు నాలుగింతలవుతుంది.

"నలభై ఆరడుగులంటే మన చెరువుగట్టుమీది తాటిచెట్టు వుంటుంది" అన్నాడు బావ.

"ఇవాళ మధ్యాహ్నం తిరువూరునుంచి నన్ను ఆ తాటిచెట్టు మీద కూర్చోబెట్టే తీసుకొచ్చాడు" అన్నాను. చిన్నవాడు మాట్లాడలేదు.

గుర్రాన్ని వెనకేసుకు వస్తున్నానని మీరు అనుకోవద్దు. గుర్రంలో బండికి లేని ప్రమాదాలు వున్నాయి. బండి మీదపడితే రెండు మూడు బస్తాల బరువు. పెద్ద గుర్రం మీదపడితే ఎనిమిది తొమ్మిది బస్తాలు. ఢిల్లీ సుల్తాను కుతుబుద్దీన్ ఐబక్ 1210లో లాహోరులో చౌగాన్ ఆడుతుండగా గుర్రం కూలి, జీను ముందు కొన రొమ్ములో గుచ్చుకొని చనిపోయాడు. కెనడాలోని కాల్గరీ వైద్యులు 1995 మొదలు పదేళ్ళపాటు తమవద్దకు తీవ్రంగా గాయపడి వచ్చిన రౌతుల వివరాలు 2007లో ప్రచురించారు. అందులోనూ తలదెబ్బలకన్న రొమ్ముదెబ్బలే కొంచెం ఎక్కువ. హెల్మెట్టు పెట్టుకొని వున్నవారు నూటికి తొమ్మిదిమందే. ఎనిమిది వందల ఏళ్ళు గడిచినా గుర్రం కొట్టే చోటు మారలేదు! హెల్మెట్టు వుంటే అన్నీ తప్పుతాయనీ కాదు. సినిమాలో ఆకాశంలో ఎగిరే సూపర్‌మాన్ వేషం వేసిన క్రిస్టఫర్ రీవ్ 1995లో కంచె దూకబోతుండగా గుర్రం ఆగిపోయి, ముందుకు పడ్డాడు. హెల్మెట్టు వుంది. మెడ విరిగింది. 2004లో చనిపోయేదాకా చక్రాల కుర్చీలోనే గడిపాడు. తల మిగలటం వల్లనే ఆ తొమ్మిదేళ్ళూ ఆలోచించాడు, మాట్లాడాడు, పుస్తకాలు వెలువరించాడు.

మోటారు సైకిలువారికి తలమీద టోపీ రావటానికి కూడా ఒక పెద్దమనిషి చావవలసి వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో అరబ్బులతో కలిసి పోరాడి పేరుమోసిన లారెన్సు, 1935 మే నెలలో ఇంగ్లండులోని ఒక పల్లెదారిన మోటారు సైకిలుమీద పోతూ, సైకిళ్ళమీద వస్తున్న ఇద్దరు కుర్రవాళ్ళను తప్పించబోయి ఎగిరిపడ్డాడు. తలకు దెబ్బ. ఆరు రోజులకు పోయాడు. అది కూడా "మన రోడ్డే". ఆయన కుటీరానికి దగ్గరలోనే. అప్పుడు చూడటానికి వచ్చిన వైద్యులలో హ్యూ కెయిర్న్స్ అనే ఆయన ఒకరు. రెండవ యుద్ధంలో ఉత్తరాలు మోసే సైనికులు మోటారు సైకిళ్ళమీదనుంచి పడి చనిపోవటాన్ని ఆయన పరిశీలించి 1941లో వ్యాసం ప్రకటించాడు. ఆ ఏడే బ్రిటిషు సైన్యం తన మోటారు సైకిలు సైనికులకు హెల్మెట్టు తప్పనిసరి చేసింది.

మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 129వ సెక్షను ఆ పని చేసింది. నడిపేవాడికేకాదు, వెనక కూర్చున్నవాడికి కూడా అది వర్తిస్తుంది. 2022లో దేశం మొత్తంమీద రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది అని కేంద్ర రవాణాశాఖ లెక్క. అందులో ద్విచక్ర వాహనాలవారు 74,897. ఆ ఏడు హెల్మెట్టు లేక పోయారని వ్రాసినవారు 50,029. వీరిలో పధ్నాలుగు వేల పైచిలుకు వెనక కూర్చున్నవారే.

"వెనక కూర్చున్నవాళ్ళా?" అన్నాడు మావయ్య.

"నీలాంటి వాళ్ళు, నాలాంటి వాళ్ళు."

మావయ్య చాలాసేపు ఏమీ అనలేదు. "పొద్దున ఆ గుర్రాన్ని తీసుకురానీ. చూసి చెబుతాను" అని లేచి లోపలికి వెళ్ళాడు.

* * *

మర్నాడు మధ్యాహ్నానికి గుర్రం వచ్చింది. నడిచి రాలేదు సుమండీ! ట్రాలీ ఆటోలో నిలబడి బెజవాడనుంచి ప్రయాణం చేసి వచ్చింది. తెల్లటి గుర్రం. ముఖం ఎండకు వాడింది గాని దిట్టంగానే వుంది. దానితోపాటు అరవై ఏళ్ళ సాయిబు దిగాడు. ఎడమకాలు కుంటుతున్నాడు. ముందు గుర్రానికి బక్కెట్టు నీళ్ళు పెట్టించి, తరువాత తను తాగాడు. మావయ్య అది చూచాడు.

"ఇది మంచిదేనా సాయిబూ?" అని అడిగాడు అరుగుమీదనుంచే.

"మంచిదేనండి పెద్దయ్యగారూ. కాని గుర్రం గుర్రమేనండి. చెడ్డది కాదు, పిరికిది. కాగితం ముక్క ఎగిరినా పులి అనుకుంటది. చుట్టూ అంతా కనపడుతుంది దానికి, తోక వెనకాలా ముక్కు ముందరా తప్పించి. పిల్లల్ని వెనక్కి పోనివ్వకండి."

"ఇప్పటికి ఎన్నిసార్లు పడ్డావు?" అన్నాను నేను.

"లెక్కేముందండి బాబూ! చిన్నప్పట్నుంచీ ఇదే పని. మా నాన్న బెజవాడలో జట్కా తోలేవాడు. బోలెడుసార్లు పడ్డాను. రెండుసార్లు చెయ్యి విరిగింది."

"ఆ కాలు?"

సాయిబు కాలువైపు చూచుకున్నాడు. "ఇది గుర్రం చేసింది కాదండి. మా పిల్లాడు బండిమీద ఎక్కించుకుపోతుంటే లారీ తగిలింది. నేను వెనక కూర్చున్నాను."

పిల్లాడికేమయిందని అడగబోయాను. సాయిబు అటు తిరిగి జీను పట్టీ బిగించటం మొదలుపెట్టాడు. బిగించిందే మళ్ళీ విప్పి బిగించాడు. నేను అడగలేదు.

మావయ్య కర్ర పట్టుకొని అరుగు దిగి వచ్చాడు. ఇంట్లోకి కేకవేసి బెల్లంముక్క తెప్పించుకున్నాడు. గుర్రానికి ఎదురుగా పోకుండా, దాని భుజం పక్కగా నిలబడి, వేళ్ళు ముడవకుండా అరచెయ్యి చాచిపట్టాడు. డెబ్బై ఎనిమిదేళ్ళు గుర్రం దగ్గరకు పోని మనిషి! చెయ్యి మరిచిపోలేదు. గుర్రం బెల్లం అందుకొని ఆయన చొక్కా వాసన చూచింది.

"వాడి బూట్ల చివర్లు మాత్రమే రికాబులో వుండాలి. పాదం లోపలికి దూర్చనివ్వకు" అన్నాడు సాయిబుతో.

"అవునండి. నేనూ అదే చెబుతాను."

"టపాకాయలు గుర్రం ముందు కాల్చటానికి వీల్లేదు. ఆ పెద్ద పెట్టెల పాటలు వంద గజాల వెనక వుండాలి. కళ్ళెం నువ్వు వదలకూడదు. రామాలయం దాకా, మళ్ళీ ఇంటికి. అంతే."

స్నేహితులు ముఖాలు మాడ్చుకున్నారు. టపాకాయలు లేని ఊరేగింపు ఏం ఊరేగింపని ఒకడు గొణిగాడు. కాని గుర్రంకోసం టపాకాయలు వదులుకోక తప్పలేదు. దీపాల వెలుగులో, తలపాగా పెట్టుకొని, రెండు చేతులతో జీను పట్టుకొని పెళ్ళికొడుకు ఊళ్ళో తిరుగుతుంటే మేడలమీద ఆడవాళ్ళు వంగి చూచారు. గుర్రం నడక గంటకు ఆరు కిలోమీటర్లు వుంటుందేమో. సెంటరులో ఒక కుర్రవాడు వెనకనుంచి మోటారు సైకిలు హారను మోగించాడు. గుర్రం చెవులు వెనక్కి పెట్టి పక్కకు గెంతింది. పెళ్ళికొడుకు మెడమీదకు ఒరిగిపోయాడు. తలపాగా ఎగిరి రోడ్డుమీద పడింది. సాయిబు కళ్ళెం వదలలేదు. ఏదో ఉర్దూలో మెల్లగా చెప్పుకుంటూ కుంటికాలుతో నాలుగడుగులు దానివెంట పరుగెత్తి నిలబెట్టాడు.

అంతా ఒక్క క్షణం. బూటుచివర మాత్రమే రికాబులో వుండబట్టి, గెంతినప్పుడు అబ్బాయి కాలు జారి బయటికి వచ్చింది, చిక్కుకోలేదు. ఆ మాట నేను మావయ్యతో చెప్పలేదు. ఆయన అరుగుమీదే వున్నాడు గనుక చూడలేదు. మీరు కూడా చెప్పకండి.

* * *

పెళ్ళి నూజివీడులో లక్షణంగా జరిగింది. తిరిగి విస్సన్నపేట వచ్చి, మూడవనాడు నేను ప్రయాణమయ్యాను. తిరువూరులో బస్సు అందుకోవాలి. చిన్నవాడు బండి బయటికి తీశాడు.

"ఆగు" అన్నాడు మావయ్య. "హెల్మెట్లు ఏవి?"

"అటకమీద వుండాలి తాతయ్యా. ఆలస్యమైపోతుంది."

"బస్సు పోతే ఇంకో బస్సు వస్తుంది."

అటకమీద లేవు. పశువులపాకలో ఒకటి దొరికింది. దాన్ని మేకుకు తగిలించి అందులో పలుపుతాళ్ళు వేసివుంచారు. రెండవదానికోసం ఇల్లంతా గాలించారు. చివరకు అత్తయ్య వంటింట్లోంచి, "ఇది కాదుగదా?" అంటూ పట్టుకొచ్చింది. దాన్నిండా వెల్లుల్లిపాయలు. "గాలి ఆడుతుందని పోశాను. రెండేళ్ళనుంచి ఎవరూ అడగలేదు మరి!"

వెల్లుల్లి చేటలోకి గుమ్మరించి, లోపల పొట్టు దులిపి నాకు యిచ్చింది. మావయ్య దగ్గరుండి నా గడ్డంకింద పట్టీ పెట్టించాడు. వేలు దూర్చి లాగిచూచి, వదులుగా వుందని మళ్ళీ బిగించమన్నాడు. పాకలో దొరికింది చిన్నవాడు పెట్టుకున్నాడు.

"మావయ్యా, మరి రేపు తోటకు వెళ్ళేటప్పుడు నీకు?" అన్నాను.

"తిరువూరులో వీడిచేత ఇంకొకటి కొనిపించు. డబ్బులు నేనిస్తాను. వీడికి చెబితే చవకది తెస్తాడు."

తిరువూరు బస్టాండుకు ముందే దుకాణం దగ్గర ఆగి ఒకటి కొన్నాం. అప్పటిదాకా దారి పొడుగునా నా తల వెల్లుల్లి వాసన కొడుతూనే వుంది. మొక్కజొన్న గింజల పక్కన రాళ్ళు అలాగే వున్నాయి. మా వాడు వాటికి బారెడు ఎడంగా, నలభైమీద పోయాడు.